మార్గరేట్ ష్టైఫ్: మెత్తని బొమ్మల తల్లి

గుడ్డతో కుట్టి లోన దూది కూరిన ఏనుగు బొమ్మ గాని, ఊలు దారముతో అల్లిన కుందేలు పిల్ల గాని ఒక్కటియైనను లేని ఇల్లు నేడు పట్టణములలో అరుదు. కుట్టుపనియు అల్లికపనియు నేర్చిన బాలికలు తమ తమ్ములకును చెల్లెండ్రకును ఇట్టి బొమ్మలను చేసి యిచ్చి సంతోషించుచున్నారు. బిడ్డ ఆ బొమ్మను కౌగిలించుకొనును, నోట పెట్టుకొనును, చెవి పట్టి యీడ్చును, దానితోనే నిద్రించును. బిడ్డకు అంత సన్నిహితముగా నుండు వస్తువు తల్లి చేయి తప్ప మరొకటి లేదు. అట్టి మెత్తని బొమ్మలను మొదట ఒక పరిశ్రమగా నెలకొల్పి, బిడ్డ చేతి కిచ్చు వస్తువు ఎంత శ్రద్ధతో చేయవలయునో లోకమునకు చూపినది మార్గరేట్ ష్టైఫ్ అను జర్మను వనిత. ఆమె నడువలేదు, కుడిచేయి సైతము సరిగా కదలదు. ఆమె జీవిత చరిత్రమును మా విద్యార్థినీ విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఇచ్చట సంగ్రహముగా వ్రాయబూనితిమి.

దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గు రాజ్యమున బ్రెంజ్ అను చిన్న నది యొడ్డున గియెంగెన్ అను పట్టణము గలదు. అచ్చట 1847వ సంవత్సరము జూలై 24వ తేదీన మార్గరేట్ జన్మించెను. తండ్రి ఫ్రీడ్రిఖ్ ష్టైఫ్ ఇండ్లు కట్టించు మేస్త్రీ. మరీ, పౌలీనె అను ఇద్దరు అక్కలును, ఫ్రిట్జ్ అను తమ్ముడును ఆమెకు గలరు. బిడ్డకు ఏడాదిన్నర వయస్సు వచ్చునప్పటికి తీవ్రమైన జ్వరము తగిలెను. జ్వరము తగ్గినది గాని కాళ్ళు రెండును చచ్చుపడిపోయెను. కుడిచేయి ఎత్తినచో నొప్పి పెట్టుచుండెను. అది పోలియో అని తరువాత వైద్యులు నిర్ణయించిరి. ఆ వ్యాధిని నివారించు టీకా 1955వ సంవత్సరమున గాని లోకమునకు లభింపలేదు. మన దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని 2014వ సంవత్సరము మార్చి నెలలో ప్రకటింపబడినది. కావున నేటి బాలబాలికలు దాని క్రౌర్యమును కన్నులార చూడలేదు. మార్గరేట్ బాల్యమున దానికి మందు లేదు, మాకు లేదు.

బిడ్డ నడువజాలదని తెలిసినప్పుడు ఇంటిలోనే కూర్చుండబెట్టి సాకుట ఆ కాలమున వింత గాదు. కాని మార్గరేట్ బడికి పోవలయునని పట్టుపట్టెను. తోబుట్టువులును ఇరుగుపొరుగు బిడ్డలును ఆమెను ఒక చిన్న చేతిబండిలో కూర్చుండబెట్టి పాఠశాలకు లాగుకొని పోవుచుండిరి. తరగతి మేడపై నుండుటచే, బడి దగ్గర నివసించు ఒక స్త్రీ ఆమెను ఎత్తుకొని మెట్లెక్కించి బల్లపై కూర్చుండబెట్టుచుండెను. ఆ పుణ్యవతి పేరు చరిత్రలో ప్రసిద్ధమైనది గాదు. కాని ఆమె ప్రతిదినము ఎక్కిన ఆ మెట్లు లేనిచో ఈ చరిత్రయే లేదు. సాయంకాలము బిడ్డలందరు వీధిలో ఆడుకొనునప్పుడు మార్గరేట్ తన బండిలో నుండియే ఆటలను నడిపించెడిదట. పరుగెత్తలేని పిల్ల పరుగెత్తు పిల్లలకు నాయకురాలగుట చూచి పెద్దలు ఆశ్చర్యపడిరి.

తలిదండ్రులు చికిత్స మానలేదు. 1856వ సంవత్సరమున తొమ్మిదవ యేట ఆమెను లుడ్విగ్స్‌బర్గు పట్టణములోని వెర్నర్ అను పిల్లల వైద్యుని కడకు పంపిరి. అచ్చట కాలికి శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట విల్డ్‌బాద్ అను ఊరిలోని వేడినీటి బుగ్గలలో స్నానము చేయించిరి. ఎన్ని చేసినను కాళ్ళకు బలము రాలేదు. ఏండ్లు గడచిన కొలది మార్గరేట్ తన మనస్సున ఒక నిశ్చయమునకు వచ్చెను. కుదురని దానిని వెదకుచు ఆయువంతయు వ్యర్థము చేయుట కంటె, కదలునట్టి ఎడమచేతితో ఏమి చేయగలనో చూచుకొనుట మేలని తలచెను. ఇది నిరాశ గాదు. తనకు గల మూలధనమును సరిగా లెక్కించుకొన్న వర్తకుని వివేకమని మా యభిప్రాయము.

అక్కలు కుట్టుపని బడికి పోవుచుండగా ఆమెయు పోయెను. సూదిని పట్టవలసిన కుడిచేయి మాట వినదు. తొలి దినములలో ఆమె కుట్లు వంకరలు పోయి, బట్ట నలిగి పాడగుచుండెను. ఆమె ఓర్పుతో సాధించి, కొన్ని యేండ్లలో నేర్పరియైన కుట్టుపనికత్తె యయ్యెను. జిథర్ అను తంత్రీవాద్యమును కూడ నేర్చి, దానిని ఇతరులకు బోధించి కొంత ధనము సంపాదించెను. ఆ ధనముతో కుట్టుయంత్రము కొనబడెను. ఆ ఊరికి వచ్చిన మొదటి కుట్టుయంత్రము అదేయని చెప్పుదురు. యంత్రపు చక్రము కుడిప్రక్క నుండును. ఆమె కుడిచేయి దానిని త్రిప్పలేదు. అందుచే మార్గరేట్ యంత్రమును వెనుకముందుగా త్రిప్పి పెట్టుకొని, చక్రము ఎడమచేతి వైపునకు వచ్చునట్లు చేసి కుట్టుట కారంభించెను. యంత్రము తనకు తగినట్లు లేనిచో తనను నిందించుకొనక, యంత్రమునే త్రిప్పి పెట్టుకొన్న ఆ యుక్తి ఆమె జీవితమంతటికిని ఉపమానముగా నిలుచుచున్నది.

1874వ సంవత్సరమున తండ్రి ఇంటిని మార్చి కట్టి ఆమెకు ప్రత్యేకముగా పనిగది యేర్పరచెను. 1877వ సంవత్సరమున మార్గరేట్ ఫెల్టు బట్టతో దుస్తులు కుట్టి యమ్ము అంగడిని తెరచెను. ఫెల్టు అనగా మగ్గముపై నేసిన బట్ట గాదు. ఉన్నిని వేడినీటితో తడిపి, అదిమి, రాపిడి చేసినచో పోగులు ఒకదానితో నొకటి చిక్కుకొని గట్టి పలకగా నగును. దానికి పడుగు పేకలు లేవు గనుక ఎచ్చట కత్తిరించినను అంచు పోగులు ఊడిరావు. ఆ ఊరిలోనే ఆమె బంధువులకు ఫెల్టు తయారుచేయు కర్మాగార ముండెను. కావున సరకు దగ్గరనే లభించెను. పిల్లల కోటులును, స్త్రీల లోపరికిణీలును కుట్టించి యమ్ముచు, కొలది కాలములో కొందరు పనివారిని గూడ ఆమె పెట్టుకొనెను. తన జీవనమునకు తానే ఆధారమయ్యెను. వివాహము చేసికొనలేదు. ఒకరిపై భారమై యుండునని అందరు తలచిన పిల్ల ఇతరులకు కూలి యిచ్చు యజమానురాలయ్యెను.

1879వ సంవత్సరమున ఒక స్త్రీల పత్రికలో చిన్న గుడ్డ యేనుగు నమూనా ఆమె కంటబడెను. ఫెల్టు ముక్కలతో దానిని కుట్టి, లోన మెత్తని గొఱ్ఱె ఉన్ని కూరి, గుండుసూదులు గ్రుచ్చుకొను దిండుగా స్నేహితురాండ్రకు బహుమాన మిచ్చుటకు ఆమె చేసెను. పెద్దలు దానిని సూదిదిండనిరి. బిడ్డలు దానిని ఏనుగనిరి. ఇండ్లలోని పిల్లలు ఆ దిండును దొంగిలించి ఆడుకొనసాగిరి. సూదుల కొరకు చేసిన వస్తువు పసిబిడ్డల చేతిలో పడుట యెంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అయినను బిడ్డలు కోరినది సూదులను గాదు, ఆ మెత్తదనమును. మార్గరేట్ దానిని గ్రహించెను. 1880వ సంవత్సరమునుండి ఆ ఏనుగును సూదిదిండుగా గాక ఆటబొమ్మగానే చేసి యమ్మసాగెను. ఆ సంవత్సరమునే ఆ సంస్థవారు తమ స్థాపన సంవత్సరముగా లెక్కించుచున్నారు. కొద్ది యేండ్లలోనే అట్టి ఏనుగులు వేలకొలది అమ్ముడుపోయెను.

ఆ ఏనుగు అంతగా ఆదరింపబడుటకు కారణ మేమి? ఆ కాలమున జర్మనీ దేశము ఆటబొమ్మలకు పుట్టినిల్లు. కాని ఆ బొమ్మలలో పెక్కు కొయ్యవియు, తగరపు రేకువియు, పింగాణి తలలు గలవియు నై యుండెను. పింగాణి జారిపడినచో పగిలి బిడ్డ చేతిని కోయును. రేకు అంచులు గీచును. రంగులలో సీసము కలియుట ఆనాడు సామాన్యము. నోట పెట్టుకొన్న బిడ్డ శరీరములోనికి ఆ విషము ప్రవేశించును. అట్టి బొమ్మలు చూచుటకే గాని కౌగిలించుకొనుటకు గావు. ఫెల్టు ఏనుగు పగులదు, గీచదు. క్రింద పడినను చప్పుడు గాదు. పసిబిడ్డ దానిపై పడినను గాయము గాదు. బాల్యమంతయు పడకలోను బండిలోను గడపిన స్త్రీయే, బిడ్డకు చెంతనుండి ఓదార్చు వస్తువు ఎట్టిదై యుండవలయునో తెలిసికొనుట సహజమే గదా.

తమ్ముడు ఫ్రిట్జ్ ఆమెకు కుడిభుజమై నిలిచెను. ఏనుగులను సమీపమున నున్న హైడెన్‌హైమ్ సంతకు తీసికొనిపోయి అమ్మినది అతడే. క్రమముగా కోతి, గాడిద, గుఱ్ఱము, ఒంటె, పంది, కుక్క, పిల్లి మొదలగు జంతువులు చేరెను. 1892వ సంవత్సరమున బొమ్మల చిత్రములతో గూడిన మొదటి పట్టిక అచ్చయ్యెను. పిల్లల కిచ్చునది లోకములో మేలైనదే కావలయునను నియమమును ఆమె తన సంస్థకు మూలసూత్రముగా పెట్టుకొనెను. 1893వ సంవత్సరమున ఆ సంస్థ ఫెల్టు ఆటబొమ్మల కర్మాగారముగా ప్రభుత్వ వర్తక దాఖలాలలో చేర్పబడెను. నాడు కర్మాగారమున నలుగురు కుట్టుపనివారును, తమ ఇండ్లలో కుట్టి తెచ్చువారు పదిమందియు నుండిరి. క్రొత్త బొమ్మ యేదైనను మొదటి నమూనాను మార్గరేట్ తానే కుట్టి చూచెడిది. ఎచ్చట కుట్టు వదులగునో, ఎచ్చట బట్ట చాలదో తన చేతితో తెలిసికొని, దోషములు సరిదిద్దిన పిమ్మటనే ఇతరుల చేతికి ఇచ్చెడిది. తాను చేయని పనిని పరులచేత చేయింపకుండుట ఆమె పద్ధతి.

ఫ్రిట్జునకు ఆరుగురు కుమారులు. ఒకరి తరువాత ఒకరు అత్తయొద్ద పనిలో చేరిరి. వారిలో రిచర్డ్ ష్టుట్‌గార్టు నగరములో చిత్రకళ అభ్యసించినవాడు. అచ్చటి జంతుప్రదర్శనశాలలో ఎలుగుబంట్లను గంటలకొలది చూచి చిత్రములు గీయుచుండెడివాడు. అతడు 1897వ సంవత్సరమున సంస్థలో చేరెను. 1902వ సంవత్సరమున మోహేరు అను మేక వెండ్రుకల మెత్తని బట్టతో, 55 సెంటీమీటర్ల పొడవుతో, కాళ్ళుచేతులు కదలునట్టి ఎలుగుబంటి బొమ్మను అతడు రూపొందించెను. ఆ బట్ట ఖరీదైనది, బొమ్మ పెద్దది. అది అమ్ముడగునా యని మార్గరేట్ సందేహించెనట. మరుసటి యేడు లైప్‌జిగ్ నగరపు సంతలో ఎవరును దానిని అంతగా మెచ్చలేదు. తుదకు అమెరికా వర్తకు డొకడు చూచి 3,000 బొమ్మలు కావలయునని కోరెను.

అమెరికాలో ఎలుగుబంటి మీద అంత మక్కువ కలుగుటకు వేరొక కథ గలదు. 1902వ సంవత్సరము నవంబరు నెలలో ఆ దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు మిసిసిపీ రాష్ట్రమున వేటకు పోయెను. ఆయనకు జంతువు దొరకకపోవుటచే తోడివారు ఒక ఎలుగుబంటిని పట్టి చెట్టునకు కట్టి కాల్చుమనిరి. కట్టివేసిన జంతువును కాల్చుట వీరధర్మము గాదని ఆయన నిరాకరించెను. బెరీమన్ అను చిత్రకారుడు దానిని వార్తాపత్రికలో బొమ్మగా గీచెను. అది చూచి బ్రూక్లిన్‌లో అంగడి నడుపుకొను మిచ్‌టమ్ దంపతులు ఒక గుడ్డ ఎలుగుబంటిని కుట్టి, రూజ్వెల్టు ముద్దుపేరైన టెడ్డీ అను పేరుతో అమ్మకమునకు పెట్టిరి. సముద్రమునకు ఆవల ఒకచోటను, ఈవల ఒకచోటను ఇంచుమించు ఒకే కాలమున ఆ బొమ్మ పుట్టినది. పేరు అమెరికా వారిది. గియెంగెన్ బొమ్మలు సైతము ఆ పేరుతోనే లోకమంతట వ్యాపించెను.

1904వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయీస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ష్టైఫ్ బొమ్మలకు గొప్ప బహుమానము లభించెను. కీర్తితోపాటు అనుకరణలును పుట్టెను. నాసిరకపు సరకును తమ సరకని యెవ్వరును అమ్మకుండుటకై, ప్రతి బొమ్మ చెవికి లోహపు గుండీ నొకదానిని బిగించు ఉపాయమును అన్నదమ్ములలో ఫ్రాంజ్ అనువాడు అదే సంవత్సరమున కనిపెట్టెను. చెవిలోని ఆ గుండీ నేటికిని ఆ సంస్థకు గుర్తు. అంతకు ముందే 1903లో ఉక్కు చట్రములతోను గాజు గోడలతోను మూడంతస్తుల కర్మాగారమును కట్టిరి. కుట్టుపనివారి కన్నులకు పగటి వెలుగు చాలినంతగా లభింపవలయునని దాని యుద్దేశము. 1907వ సంవత్సరమున 400 మంది కర్మాగారములోను, 1,800 మంది తమ ఇండ్లలోను పనిచేయుచు ఒక్క యేటిలో 9,73,999 ఎలుగుబంట్లను చేసిరి.

ఇచ్చట మన దేశపు సంగతి యొకటి స్మరింపదగినది. గోదావరీ తీరమున నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో వేలకొలది స్త్రీలు తరతరములుగా తమ యరుగులపై కూర్చుండి, కొన వంగిన సూదితో లేసు అల్లుచున్నారు. మిషనరీల వలన ఆ ప్రాంతమునకు వచ్చిన ఆ విద్యయే ఊలు బొమ్మల అల్లికకును మూలము. ఇంటిలో కూర్చుండి చేతితో చేయు పని వస్తువుపై శ్రద్ధ నిలుపుటకు అనుకూలమే. కాని కొనువారు చేతిపనిని మెచ్చుకొనుచు చేతికూలిని మరచుట న్యాయము గాదు. తొందరపెట్టి తక్కువ కూలి యిచ్చినచోట కుట్లు వదులగును; కుట్టు వదులైనచోట బిడ్డకు హాని కలుగును. పనివారి క్షేమమును, బిడ్డ క్షేమమును ఒకే దారపు రెండు కొనలు.

1906వ సంవత్సరమున మార్గరేట్ తన సంస్థను పరిమిత బాధ్యత గల సంఘముగా మార్చి మేనల్లుండ్రకు అప్పగించెను. తాను లేకున్నను పని నిలువవలయునని ఆమె ముందుగానే ఆలోచించెను. 1909వ సంవత్సరము మే 9వ తేదీన న్యుమోనియా వ్యాధిచే తన 61వ యేట ఆమె పరమపదించెను. ఆ సంస్థ నేటికిని గియెంగెన్ పట్టణమున నడచుచున్నది. ఆమె చరిత్రమును తెలుపు వస్తుప్రదర్శనశాలయు అచ్చట 2005వ సంవత్సరమున తెరువబడినది.

చరిత్రము వ్రాయువారు సత్యమును విడువరాదు. ఆ తొలి ఎలుగుబంట్లకు కన్నులుగా బూట్ల గుండీలను కుట్టెడివారు. 1904 ప్రాంతమున చేసిన కొన్నింటికి కాళ్ళుచేతులు కదలుటకై లోన లోహపు కడ్డీలు పెట్టిరి. కడుపున కొయ్యతురుము కూరిరి. నేటి నియమముల ప్రకారము అట్టి బొమ్మను పాలుత్రాగు బిడ్డ చేతి కిచ్చుటకు వీలులేదు. ఇది మార్గరేట్ దోషము గాదు. తన కాలమున తెలిసినంతలో ఆమె మేలైన దానినే ఎన్నుకొనెను. గుండీ యూడినచో బిడ్డ గొంతు కడ్డుపడు నను సంగతి ఎందరో బిడ్డల ప్రాణములు పోయిన పిమ్మట గాని లోకము నియమముగా వ్రాసికొనలేదు. ఆమె మూలసూత్రము మాత్రము చెక్కు చెదరలేదు. మేలైనది యేదో తెలిసికొను జ్ఞానము మాత్రము పెరిగినది.

ఆ జ్ఞానము నేడు ఇట్లున్నది. మూడేండ్ల లోపు బిడ్డల బొమ్మలకు పరీక్షకులు ఒక చిన్న గొట్టమును వాడుదురు. దాని అడ్డుకొలత 31.7 మిల్లీమీటర్లు. బొమ్మనుండి ఊడివచ్చిన ముక్క యేదైనను ఆ గొట్టములో పూర్తిగా ఇమిడినచో అది బిడ్డ గొంతులోను ఇముడునని యెంచి ఆ బొమ్మను నిరాకరింతురు. ఐరోపా దేశముల నియమము ప్రకారము కన్ను, ముక్కు వంటి భాగములను, అవి 6 మిల్లీమీటర్లకు మించినవైనచో, 90 న్యూటన్ల బలముతో లాగి చూతురు. అనగా దాని నుండి సుమారు 9 కిలోల బరువు వ్రేలాడదీసినట్లు. అప్పటికి ఊడరాదు. మన దేశమున 2020వ సంవత్సరమున వెలువడి 2021 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఉత్తరువు ప్రకారము 14 ఏండ్ల లోపు బిడ్డల ఆటబొమ్మలపై ప్రమాణ సంస్థ ముద్ర ఉండవలయును. ప్రభుత్వమువద్ద నమోదైన చేతిపనివారు చేసి యమ్ము బొమ్మలకు ఆ నియమమునుండి మినహాయింపు ఇచ్చిరి. ఇంటిలో అక్క చెల్లెలికొరకు అల్లు బొమ్మను ఏ పరీక్షకుడును గొట్టములో వేసి చూడడు. కావున అచ్చట పరీక్షకురాలు అల్లినవారి చేయియే.

అల్లికపని నేర్చు బాలికలును, బిడ్డలకు బొమ్మలు చేయించు తల్లులును ఈ క్రింది సంగతులను గమనింప ప్రార్థించుచున్నాము. పసిబిడ్డల బొమ్మకు గుండీలు, పూసలు, గాజుకన్నులు పెట్టరాదు. నల్లని దారముతో కన్నులను, ముక్కును, నోటిని కుట్టిన చాలును. వెనుక బిళ్ళ బిగించు ప్లాస్టిక్ కన్నులను అంగళ్ళలో భద్రమైనవని చెప్పి యమ్ముదురు. నేసిన బట్టపై అవి నిలువవచ్చును. అల్లికలో రంధ్రములు సాగును గనుక బిడ్డ పంటితో పట్టి లాగినచో బిళ్ళతో సహా బయటకు రాగలవు. సన్నని సూదితో దగ్గరదగ్గరగా, లోని దూది కానరాకుండునట్లు అల్లవలెను. లేనిచో దూది రంధ్రములనుండి బయటపడి బిడ్డ నోటిలోనికి పోవును. చెవులను, తోకను, కాళ్ళను ఒక చుట్టు గాక రెండు మూడు చుట్లు కుట్టి, దారపు కొనలను లోనికి పొడుగుగా దూర్చి దాచవలెను. మెడకు నాడాలు, పొడుగాటి త్రాళ్ళు కట్టరాదు. అవి బిడ్డ కంఠమునకు చుట్టుకొనును. పాత దిండ్లలోని మురికి దూదిని, బియ్యపు గింజలను, పప్పు బద్దలను లోన కూరరాదు.

చేసిన పిమ్మట బొమ్మ యొక్క ప్రతి భాగమును మీ రెండు చేతులతో గట్టిగా లాగి చూడుడు. చేసిన శ్రమ పాడగునని జాలిపడకుడు. మీ చేతిలో ఊడునది బిడ్డ చేతిలోను ఊడును. నెలకొకసారి ఉతికి, ఆరవేసి, మరల లాగి చూడుడు. ఏ కుట్టు సడలినను సరిచేసిన తరువాతనే తిరిగి ఇయ్యుడు. మరొక్క సంగతి: ఏడాది నిండని బిడ్డ నిద్రించు చోట మెత్తని బొమ్మ యేదియు ఉంచరాదని వైద్యులు చెప్పుచున్నారు. తల త్రిప్పుకొనలేని శిశువు ముఖముపై మెత్తని వస్తువు పడినచో ఊపిరి ఆగిపోవచ్చును. మెలకువగా నున్నప్పుడు తల్లి కన్నుల యెదుట ఆడించి, నిద్రించునప్పుడు తీసివేయుట మేలు. పెద్దబిడ్డకు తగిన బొమ్మను చిన్నబిడ్డకు అందనిచోట పెట్టవలెను. ఒకే ఇంటిలో ఆరేండ్ల అన్నయు, ఆరు నెలల చెల్లెలును ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరము.

నడువలేని బాలికను మోసికొని మెట్లెక్కిన స్త్రీ, బండి లాగిన తోబుట్టువులు, పనిగది కట్టించిన తండ్రి, సంతకు మోసుకొనిపోయిన తమ్ముడు, వీరందరి ఆదరము ఆ బాలిక చేతికి వచ్చి సూదిగా మారినది. తాను పొందిన రక్షణను ఆమె ఇతరుల బిడ్డలకు బొమ్మల రూపమున పంచిపెట్టినది. మా పాఠశాలలోని కుట్టుబల్లల మీద అల్లబడు ఏ చిన్న కుందేలుకైనను ఇట్టి విలువయే గలదు. అది అందముగా నున్నదో లేదో చూచువారు చెప్పుదురు. భద్రముగా నున్నదో లేదో చేసినవారికి మాత్రమే తెలియును. ఆ సంగతి నెరిగి, ఎవరును పరీక్షింపని కుట్టును కూడ సరిగా వేయు విద్యార్థిని మార్గరేట్ ష్టైఫ్ చరిత్రమును చక్కగా చదివినదని మేము తలంతుము.